పెదాలు కలిసే మాట

జూన్ 3, మంగళవారం

నిఘంటువులో నా వంతుకు 'మ' వచ్చింది. ప్రధాన సంపాదకుణ్ణి మేమంతా పెద్దాయన అంటాం. ఆయన కార్డుల కట్ట నా బల్ల మీద పెట్టి, "మబ్బు దగ్గర మొదలుపెట్టండమ్మా, మెత్తగా ఉంటుంది" అన్నారు. ఆయనకు హాస్యం తెలుసని ఇన్నేళ్లకు బయటపడింది.

మబ్బు మధ్యాహ్నానికే తేలిపోయింది. దాని వెనకాలే 'మభ్యపెట్టు'. సాయంత్రం దాకా అక్కడే కూరుకుపోయాను.

"లేనిది ఉన్నట్లు, ఉన్నది లేనట్లు ఎదుటివారికి తోచేలా చేయు." ఇంతే రాశాను. చదివితే సరిపోయినట్లే ఉంది. కానీ సరిపోలేదు.

ఇంటికొచ్చి స్టవ్ దగ్గర నిలబడి మా ఆయనకు ఈ సంగతంతా చెప్పాను. మబ్బు జోకు కూడా చెప్పాను. నవ్వు వినపడకపోతే హాల్లోకి వచ్చి చూశాను. కుర్చీలో కూర్చుని పేపరు చదువుకుంటున్నారు. నన్ను చూసి తలెత్తి, "ఏమైనా అన్నావా?" అన్నారు.

ఏమీ అనలేదన్నాను.

జూన్ 6, శుక్రవారం

దారిలోనే కదా అని ఆఫీసుకు వెళ్తూ మా ఆయన మర్చిపోయిన కళ్లజోడు ఇవ్వడానికి ఆయన కటింగ్ షాపుకు వెళ్లాను. మెట్లు దిగి వెళ్లాలి, కాంప్లెక్సులో నేల కింది అంతస్తు. పగలు కూడా లైట్లు వెలగాల్సిందే. కిందటేడు వెనక గోడకూ, స్తంభాలకూ కూడా అద్దాలు పెట్టించారు. లోపలికి అడుగుపెడితే ఎటు చూసినా ఆయనే, కత్తెర పట్టుకుని.

కుర్చీలో రిటైరైన లెక్కల మాస్టారు ఉన్నారు. మెడ చుట్టూ తెల్లగుడ్డ, తల మీద ఉన్నవే నాలుగు వెంట్రుకలు. ఆ నాలుగు వెంట్రుకల కోసం మాస్టారు వారం వారం వస్తారు. కత్తిరింపు ఒక వంక. అల్లుడి మీద, నీళ్ల మోటారు మీద, మోకాళ్ల మీద మాట్లాడటం అసలు పని.

"మీ ఆయనలా వినేవాడు ఈ ఊళ్లో లేడమ్మా" అన్నారు నన్ను అద్దంలో చూసి. "మా ఇంట్లో నా మాట గోడలు వింటాయి. ఇక్కడ మనిషి వింటాడు."

"అల్లుడుగారి మోటారు సైకిలు సంగతి సగంలో ఆపారు మాస్టారూ" అన్నారు మా ఆయన.

చూశారా, సగంలో ఆగిన సంగతి కూడా గుర్తే! కళ్లజోడు బల్ల మీద పెట్టి మెట్లెక్కాను. నిన్న రాత్రి భోజనం దగ్గర నేను సగంలో ఆపిన సంగతి ఏమిటో చెప్పమనండి, చూద్దాం.

జూన్ 8, ఆదివారం

హాస్టల్ నుంచి బుజ్జి ఫోన్ చేసింది. "ఇదిగో, మీ అమ్మ" అని నా చేతిలో పెట్టేశారు. హలో కూడా అనలేదు. ఒక్కగానొక్క కూతురు.

జూన్ 9, సోమవారం

షాపుకు సెలవు. పొద్దున్నే డ్రిల్లు తెచ్చి, వంటింటి గుమ్మానికి ఎదురుగా హాలు గోడకు ఇంత పొడుగు అద్దం బిగించారు. ఈ వయసులో అద్దాల మోజేమిటని అడిగితే, "ఇల్లు పెద్దదిగా కనిపిస్తుంది" అన్నారు.

మొన్నటి నుంచి జుట్టుకు రంగు కూడా వేస్తున్నారు. ఊరందరికీ వేసిన మనిషి, తన తల ఎన్నడూ పట్టించుకోని మనిషి.

ఎవరికోసమని నేను అడగలేదు. అడిగేంత అల్పురాలిని కాను. నాకసలు ఆ అనుమానమే లేదు.

జూన్ 11, బుధవారం

పెద్దాయన కార్డు తిప్పి పంపారు. "అర్థం ఫరవాలేదు. ఉదాహరణలు చచ్చుగా ఉన్నాయి. 'వాగ్దానాలతో ప్రజలను మభ్యపెట్టారు' అని పత్రికలు రోజూ రాస్తాయి. ఎవరైనా నోటితో అన్న వాక్యం తెండి."

దీని చుట్టాలందరినీ వరసగా కూర్చోబెట్టాను. బుకాయించడం దొరికిపోయాక చేసే పని. నటించడానికి వేదిక చాలు, ఎదుటివాడు నమ్మకపోయినా నటన నటనే. ఏమార్చడం ఒక్క క్షణం పని. అమ్మ పసిపిల్లను ఏమార్చి నోట్లో ముద్ద పెడుతుంది. దొంగ ఏమార్చి సంచి పట్టుకుపోతాడు. మాట ఒక్కటే, చేతులు వేరు.

మభ్యపెట్టడం అలా కాదు. దానికి రోజులు పట్టాలి. ఓపిక కావాలి. ఎదుటి మనిషి ఎటు చూస్తుందో, ఎటు చూడదో బాగా తెలిసి ఉండాలి. అంటే ఎంతో కొంత దగ్గరి మనిషే ఆ పని చేయగలగాలి. ఇది తట్టినప్పుడు కలం ఆగిపోయింది. ఇన్నాళ్లూ పత్రికల్లో నలిగిపోయిన మాట, లోపల ఇంత చీకటి గది పెట్టుకుని ఉందా!

మభ్యపెట్టడం ఉంది కానీ 'మభ్యపడ్డాను' అని ఎవరైనా అనగా నేను వినలేదు. పడేవాళ్లకు తెలియదు కనకనేమో.

జూన్ 13, శుక్రవారం

పొద్దున లేచేసరికి మామ్మ పెట్టె మంచం పక్కన ఉంది.

మా మామ్మ పోయినప్పుడు నా వంతుకు వచ్చిన ఇనప్పెట్టె. అటక మీద, పాత పరుపుల వెనక ఎక్కడో ఉండాలి. నేనే మర్చిపోయాను. ఆయన దాన్ని ఎప్పుడు దింపారో, తుప్పంతా గీకి, నల్ల రంగు వేసి, బందులకు నూనె పెట్టి, నా దిండు పక్కన ఉంచారు. మూత ఎత్తితే కిర్రుమనలేదు. లోపల కొత్త కాగితం పరిచారు.

"ఇదెందుకు దింపారు?"

"నీకు కావాలిగా" అన్నారు.

"నేనెప్పుడు అడిగాను?"

ఆయన నా మొహం వంక చూశారు, చాలాసేపు. "అడిగినట్టు అనిపించింది" అని షాపుకు వెళ్లిపోయారు.

తప్పు చేసిన మొగుళ్లు చీరలు కొంటారని విన్నాను. మా ఆయన తుప్పు గీకారు.

ఆఫీసులో కార్డు మీద "కానుకలతో మభ్యపెట్టు" అని చేర్చాను. మళ్లీ కొట్టేశాను.

జూన్ 15, ఆదివారం

మాటల్లేవు. నేనే మాట్లాడలేదు. ఆయన గమనించారో లేదో.

జూన్ 16, సోమవారం

ఎత్తు స్టూలు ఎక్కి పైఅరలో డబ్బా పెడుతుంటే కాలు జారింది. వంటింటి నేల మీద పడ్డాను. చీలమండ మెలిపడి ప్రాణం కళ్లలోకి వచ్చింది.

ఏమండీ అని పిలిచాను. ఆయన హాల్లో, కుర్చీలో, నాకు వీపు పెట్టి కూర్చున్నారు. మళ్లీ పిలిచాను. తర్వాత అరిచాను. ఎంత గట్టిగా అంటే, పక్కింటావిడ తన కిటికీలోంచి "అయ్యో, ఏమైందండీ?" అంది.

మా ఆయన పేపరు పేజీ తిప్పారు.

పెరటి తలుపు తోసుకుని పక్కింటావిడే వచ్చింది. ఆవిడ ఐసు కోసం గబగబా హాల్లో ఫ్రిజ్ దగ్గరికి వెళ్తుంటే ఆయన తలెత్తి చూశారు. అప్పుడు లేచారు. నన్ను చూసి గోడకు చేయి ఆనించుకున్నారు. నా పాదం ఒళ్లో పెట్టుకుని కట్టు కడుతుంటే ఆయన వేళ్లు వణికాయి. కత్తి పట్టుకుంటే వణకని వేళ్లు.

బాగా నటిస్తారని ఇక్కడ రాస్తున్నాను. రాసి పెట్టుకుంటే రేపు మెత్తబడను.

జూన్ 19, గురువారం

అక్కకు ఫోన్ చేశాను. "ఎన్నాళ్లుంటావే?" అంది. "చూద్దాం" అన్నాను. "సరే, రా. ఇంకేం అడగను" అని చాలాసేపు అడిగింది.

బట్టలు సర్దాను. ఆఫీసులో సెలవు చెప్పాను. మభ్యపెట్టు కార్డు అలాగే ఉంది.

జూన్ 20, శుక్రవారం

వెళ్లలేదు.

జరిగింది జరిగినట్టు రాయాలి.

ఇంటి తాళం ఇచ్చి వెళ్దామని ఆటో దిగి, సంచి పైనే వాచ్‌మన్ దగ్గర పెట్టి, కుంటుకుంటూ షాపు మెట్లు దిగాను. గాజు తలుపు తెరిచే ఉంది. మళ్లీ లెక్కల మాస్టారే. ఆయన కుర్చీలో వెనక్కి వాలి ఉన్నారు, చెంపల నిండా నురగ. మా ఆయన చేతిలో కత్తి. మాస్టారు నురగలోంచే మాట్లాడుతున్నారు. ఈయన సరిగ్గా చోటు చూసుకుని "మరి డాక్టరేమన్నాడు?" అని అడుగుతున్నారు.

అప్పుడు కరెంటు పోయింది.

నేల కింద కదా, ఒక్కసారి చీకటి. మెట్ల మీంచి వచ్చే కాస్త వెలుతురులో మనుషుల ఆకారాలు మాత్రం తెలుస్తున్నాయి. మాస్టారు మాట ఆపలేదు. "డాక్టరా? ఆయన సంగతి చెబుతా విను..." అని సాగుతూనే ఉన్నారు. మా ఆయన కత్తిని గాల్లోకి ఎత్తేసి, ఉన్నచోట కొయ్యబారిపోయారు. కదలరు. ఊ కొట్టరు.

"ఏమయ్యా, వింటున్నావా?" అన్నారు మాస్టారు.

జవాబు లేదు.

"ఏమయ్యా?"

"అవునండీ, అల్లుళ్లంతే" అన్నారు మా ఆయన, చీకట్లోకి.

మాస్టారు అల్లుడి మాటే ఎత్తలేదు.

నేను గుమ్మంలో, ఆయన వెనక, చేయి చాస్తే అందేంత దూరంలో ఉన్నాను. ఏమండీ అన్నాను. తల తిప్పలేదు. ఇంకాస్త గట్టిగా అన్నాను. తర్వాత, పెళ్లైన కొత్తలో తప్ప ఎన్నడూ పిలవని పేరుతో పిలిచాను. ఆ పేరు వింటే ఆయన నిద్రలోంచి కూడా లేచేవారు. ఇప్పుడు నాకు వీపు పెట్టి, కత్తి ఎత్తి పట్టుకుని, దారి తప్పిన పిల్లాడిలా నిలబడ్డారు. వెలుతురు కోసం చూస్తున్నారు.

వంటింటి నేల మీంచి నేను అరిచిన అరుపు, మబ్బు జోకు, బుజ్జి ఫోన్లు అన్నీ ఒక్కసారి మీద పడ్డాయి.

లైట్లు వచ్చాయి. ఎదుటి అద్దంలో నన్ను చూశారు. నా మొహం ఎలా ఉందో ఏమో, ఆయన కత్తి కింద పెట్టారు.

నేను గొంతు కలపలేదు. గాలి కూడా వదల్లేదు. అద్దంలో ఆయన కళ్లలోకి చూస్తూ పెదాలు మాత్రం కదిపాను: మీకు వినపడటం లేదా?

"లేదు" అన్నారు ఆయన, పైకి.

"ఎవరితోనయ్యా?" అన్నారు మాస్టారు.

మళ్లీ కదిపాను: అసలేమీ వినపడదా?

"ఏమీ వినపడదు."

ఎప్పటినుంచి?

"బుజ్జిని కాలేజీలో చేర్చిన ఏడు తగ్గడం మొదలైంది. తర్వాత నెమ్మదిగా పోయింది."

మాస్టారు నురగ మొహంతోనే లేచి కూర్చుని, అద్దంలో ఆయన్ని ఒకసారి, నన్ను ఒకసారి చూశారు. లెక్కల మనిషి కదా, తేల్చుకోవడానికి ఎంతో సేపు పట్టలేదు. "అయితే ఇన్నాళ్లూ నేను చెప్పిందంతా?"

"అంతా చూశాను మాస్టారూ."

మాస్టారు మళ్లీ వెనక్కి వాలారు. "పోనీలే. విన్నవాళ్లకంటే నువ్వే నయం. రెండో చెంప కానీ."

జూన్ 21, శనివారం

నిన్న సాయంత్రమంతా మాట్లాడుకున్నాం. బల్లకు ఎదురెదురుగా కూర్చుని, నా మొహం మీద దీపం పడేలా పెట్టుకుని. ఇలా మొహాలు చూసుకుని కూర్చుని ఎన్నేళ్లైందో.

ఎవరూ నేర్పలేదట. షాపులో కుర్చీలోని మనిషి ఎప్పుడూ అద్దంలోనే మాట్లాడతాడు కనక, చెవి తగ్గుతున్న కొద్దీ కన్ను దాని పని అందుకుందట. చెవి సగం చెబితే కన్ను సగం పూరించేది. పోను పోను మొత్తం కన్నే. ఇంట్లో అద్దం ముందు నిలబడి తన పెదాలతో తనే సాధన చేసేవారట. అద్దాల మోజు! దాని గురించి నేను ఇక్కడ ఏం రాశానో తలుచుకుంటే సిగ్గేస్తోంది.

"రంగెందుకు వేశారు మరి?"

"జుట్టు తెల్లబడితే ముసలాడికి చెముడేమో అన్న ఊహ వస్తుంది. నల్లగా ఉంటే రాదు."

"నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వు మాటల మనిషివి. రోజంతా మాటలతో గడిపి ఇంటికొచ్చి, మళ్లీ మాటలే చెబుతావు. వినపడనివాడితో ఎలా ఉంటావు? నిన్ను మభ్యపెట్టాలని కాదు. ఇంకొన్నాళ్లు నీ ఎదురుగా కూర్చోవాలని."

నా మాట! నా కార్డు మీద ఎండిపోయి పడున్న మాట ఆయన నోట్లోంచి తడిగా వచ్చింది. నేను ఏడుస్తుంటే ఆయన ఏదో గుర్తొచ్చి నవ్వారు.

"ఆ మాటే అనుకుంటా, నా కొంప ముంచింది. రాసుకునేటప్పుడు వారం రోజులు అదే గొణిగావు. నాకేమో 'మామ్మ పెట్టె, మామ్మ పెట్టె' అని కనిపించింది. పాపం, మామ్మ మీద బెంగ పెట్టుకుందేమో అని అటక ఎక్కాను."

నాకు అర్థం కాలేదు. ఆయన అద్దం దగ్గరికి తీసుకెళ్లి నిలబెట్టారు. "అను. గొంతు లేకుండా అను." అన్నాను. మభ్యపెట్టు. మామ్మ పెట్టె. మళ్లీ అన్నాను. పెదాలు కలిశాయి, విడిపోయాయి, కలిశాయి, విడిపోయాయి. ప, బ, భ, మ అన్నీ అద్దంలో ఒక్కటే. "చివర్లో పెదవి సున్నా చుట్టింది, అది చూసుకోలేదు" అన్నారు, షాపులో చిన్న గాటు పెట్టినవాడిలా నొచ్చుకుంటూ.

ఇన్నేళ్లు నిఘంటువులో పనిచేశాను. ఓష్ఠ్యాలు అని వర్ణమాల దగ్గర రాయడం తప్ప, అవి ఇంత పని చేస్తాయని ఊహించలేదు. మోసానికి పెట్టుకున్న మాటే కంటిని మోసం చేసింది. అద్దం ముందు నోరు తెరుచుకుని అలాగే నిలబడ్డాను.

అప్పుడు తట్టింది. "నేను గొణుగుతానా?"

"రాసేటప్పుడు పెదాలు కదుపుతావు. చదివేటప్పుడు కదపవు. రాసేటప్పుడే."

"ఏది రాసినా?"

ఆయన కళ్లు బల్ల మీదికి వెళ్లాయి. అక్కడ ఈ డైరీ ఉంది.

"ఇది కూడానా?"

"మొదట్లో తల తిప్పుకునేవాణ్ణి" అన్నారు. "ఒట్టు. తర్వాత... నువ్వు వంటింట్లోంచి మాట్లాడతావు, వెనకనుంచి మాట్లాడతావు, నడుస్తూ మాట్లాడతావు. ఇంట్లో నాకు అందే నీ మాట ఇదొక్కటే అయిపోయింది."

కోపం రావాలి. వచ్చింది కూడా. తాళం వేసుకున్న గదిలో ఇన్నాళ్లూ ఎదుటి కుర్చీలో మనిషి కూర్చుని ఉన్నాడంటే ఎవరికి రాదు? నేను రాసిన ప్రతి అనుమానం, ప్రతి ఎత్తిపొడుపు చూశారు. రంగు ఎవరికోసమో అన్నదీ చూశారు. చూసి, మర్నాడు పొద్దున నాకు కాఫీ కలిపి ఇచ్చారు.

"నిజం అది కాదని చెప్పొచ్చుగా?"

"'మీకెలా తెలుసు' అని అడుగుతావుగా."

కోపం ఎక్కడ నిలబడాలో తెలియక కింద పడిపోయింది.

ఇది రాస్తూ ఎడమ చేత్తో నోరు మూసుకున్నాను. ఎదురుగా ఆయన పేపరు వెనక నవ్వుతున్నారు. చేయి తీసేశాను.

జూన్ 23, సోమవారం

పిల్లలు గారడీవాడి వెంట పడినట్టు ఆయన వెంట పడ్డాను.

టీవీ నోరు నొక్కేసి ఏమంటున్నారో చెప్పమన్నాను. చెప్పారు. బాల్కనీలోకి లాక్కెళ్లి, వీధి అవతలి మేడ మీద బట్టలు ఆరేస్తున్న ఆవిడను చూపించాను. ఆవిడ ఒక్కతే ఉంది, నోరు కదుపుతోంది. "పాట పాడుకుంటోందా?" అన్నాను. "కాదు. అత్తగారికి ఇవ్వాల్సిన జవాబు సాధన చేస్తోంది. బాగా వస్తోంది" అన్నారు.

బస్టాపులో ఒక ముసలాయన, పక్కన ఖాళీ చోటు. ఆ ఖాళీ చోటుతో "ఇదే మన బస్సు, లే" అన్నాడట. లోకమంతా ఇలా చెవులకు అందని మాటలతో నిండి ఉందా? రోజూ ఈ వీధిలోనే నడిచాను. మాటలు ఏరుకోవడమే నా ఉద్యోగం. ఒక్కటీ వినలేదు.

"షాపులో జనం అద్దంలో చూసుకుంటూ తమలో తాము ఏమేమో అనుకుంటారు. నేను విననట్టే ఉంటాను" అన్నారు.

"విననట్టు ఉండటమేమిటి, మీకు వినపడదుగా" అన్నాను.

ఇద్దరం పొట్ట పట్టుకుని నవ్వాం. అవతలి మేడ ఆవిడ మమ్మల్ని వింతగా చూసింది. ఏమందో ఆయన చెప్పలేదు.

జూన్ 25, బుధవారం

చెవుల డాక్టరు. నరం దెబ్బతింది, తిరిగి రాదు. మిషను పెట్టినా పెద్దగా లాభం ఉండదు. డాక్టరు ఇదంతా కంప్యూటరు వైపు తిరిగి నాతో చెప్పాడు. మా ఆయన మెల్లిగా, "బాబూ, కాస్త ఇటు తిరిగి చెప్పు. నా సంగతే కదా" అన్నారు.

డాక్టరు కుర్చీ తిప్పుకున్నాడు.

జూన్ 28, శనివారం

వాన. కిటికీ దగ్గర నిలబడి చూస్తున్నారు.

"ఎలా ఉంటుందో మర్చిపోతున్నాను" అన్నారు. "బుజ్జి గొంతు గుర్తుంది. నీది గుర్తుంది. వాన మాత్రం జారిపోతోంది."

ఎదురుగా నిలబడ్డాను. ఇప్పుడు రేకు మీద చిటపట అన్నాను. ఆకుల మీద టపటప. గొట్టంలోంచి బుడబుడ. దూరంగా, అంతా కలిసి, హోరు. ఒక్కొక్కటీ నెమ్మదిగా అన్నాను. ఆయన నా నోటి వంక చూస్తూ కళ్లు చెమ్మగిల్లి, "చిటపట మళ్లీ అను" అన్నారు.

ధ్వన్యనుకరణాలకు అర్థం రాయడం దండగ పని అని నేనే ఒకసారి సంపాదక సమావేశంలో వాదించాను. ఇవాళ ఆ మాటలు వాన పని చేశాయి. వెలిసేదాకా అంటూనే ఉన్నాను.

జూలై 2, బుధవారం

కార్డు ఇచ్చేశాను. అర్థం మార్చలేదు. కింద ఉదాహరణ ఒక్కటే ఉంచాను: "నిన్ను మభ్యపెట్టాలని కాదు, ఇంకొన్నాళ్లు నీ ఎదురుగా కూర్చోవాలని."

పెద్దాయన చదివి కళ్లజోడు తీశారు. "ఇదెవరన్నారమ్మా?"

"మా ఆయన."

ఇంకేమైనా అడుగుతారనుకున్నాను. కార్డు కట్టలో పెట్టుకుంటూ, "ఉంచండి" అన్నారు.

జూలై 12, శనివారం

బుజ్జి సెలవులకు వచ్చి వారమైంది. వెళ్లగానే దానికి పరీక్షలు. అవి అయ్యేదాకా చెప్పవద్దని ఆయన బతిమాలారు. సరేనన్నాను. అంటే ఇప్పుడు నేనూ ఈ పనిలో భాగస్వామిని.

ఎంత కష్టమో! అది వెనకనుంచి "నాన్నా, టీ తాగుతావా?" అంటే నేను ఆయనకు ఎదురుగా దూకి, "ఏమిటీ, నాన్నకు టీ కావాలా అనా?" అని నాటకంలో చెలికత్తెలా అరుస్తాను. అది నన్ను ఎగాదిగా చూస్తుంది. పొద్దున బల్ల కింద కాలితో సైగ చేయబోయి దాని కాలే తొక్కాను.

"అమ్మా, నీకేమైనా అయిందా?" అంది.

ఆయన ఇదంతా ఒంటరిగా, ఎవరి సాయం లేకుండా, మొహం మీద గీత చెదరకుండా చేశారు. వారానికే నాకు నడుం విరిగిపోతోంది.

జూలై 20, ఆదివారం

బుజ్జిని రైలెక్కించి వచ్చాం.

ఏసీ పెట్టె. మందపాటి గాజు. బుజ్జి లోపల కిటికీ పక్కన కూర్చుంది, మేం ప్లాట్‌ఫారం మీద. అటుపక్క ఇంకో బండి రొద. అది ఏదో చెబుతోంది, నాకు ఒక్క ముక్క అందలేదు. చేతులూపి, చెవి చూపించి, తల అడ్డంగా తిప్పాను.

"ఏమంటోంది?" అన్నాను ఆయన చేయి తట్టి, నా వైపు తిరిగాక.

ఆయన మళ్లీ గాజు వైపు తిరిగి, దాని మాటలు దాని మాటలుగానే తన గొంతుతో చెప్పడం మొదలుపెట్టారు. "'అమ్మా, చార్జర్ మర్చిపోయాను. పోనీలే, కొనుక్కుంటా.' 'నువ్వు స్టూలు ఎక్కకు.' 'సరే, ఇక వెళ్లండి, ఎంతసేపు నిలబడతారు.'"

అంత జనంలో, అంత రొదలో, చెవులు బాగున్న మాలో ఎవరికీ వినపడని నా కూతురి మాట చెవుల్లేని మనిషి నోట వింటున్నాను. ఆయన చేయి గట్టిగా పట్టుకున్నాను.

ఇంతలో దాని పక్క సీట్లో కూర్చున్న ఆవిడ ఏదో అడిగింది. బుజ్జి ఆవిడ వైపు కొంచెం తిరిగింది. ఆయన అలవాటుగా చెబుతూనే ఉన్నారు. "'అవునండీ, మా అమ్మా నాన్నా.' 'లేదండీ, అక్కడికి వినపడదు.' 'మా నాన్నకైతే అసలు...'"

ఆగిపోయారు.

నేను చేయి తట్టాను. ఆయన కళ్లు గాజు మీంచి కదల్లేదు. పెదాలు మాత్రం నెమ్మదిగా కదిలాయి, ప్రతి మాటా కాళ్లీడ్చుకుంటూ వచ్చింది.

"'అసలు వినపడదు. నాకు తెలుసని ఆయనకి తెలీదు. ఆయన అంత కష్టపడి దాస్తుంటే, నేనెలా చెప్పను?'"

బుజ్జి నవ్వి, మళ్లీ మా వైపు తిరిగింది. తండ్రి మొహం చూసింది. ఆ కళ్లు ఎక్కడ ఆగి ఉన్నాయో చూసింది. నవ్వు నిలిచిపోయింది. చేయి నోటి మీదికి వెళ్లింది.

తండ్రీకూతుళ్లు గాజుకు అటూ ఇటూ అలాగే చూసుకున్నారు.

రైలు చిన్న కుదుపుతో కదిలింది. అప్పుడు బుజ్జి నోటి మీంచి చేయి తీసేసింది. గాజుకు దగ్గరగా వంగి, నెమ్మదిగా, విడివిడిగా ఏదో అంది. ఆయన పెట్టెతో పాటు నడిచారు. అది ఇంకా చెబుతూనే ఉంది. ఆయన నడక పరుగైంది. ప్లాట్‌ఫారం చివర, పట్టాలు మొదలయ్యే చోట ఆగి, చేయెత్తి నిలబడ్డారు.

నేను వెనకే వెళ్లి ఎదురుగా నిలబడ్డాను. చెంపలు తడిసి ఉన్నాయి.

"ఏమంది?" అన్నాను.

ఆయన తల అడ్డంగా ఊపారు.

"అది నాతో చెప్పింది" అన్నారు.